కన్వీనరు సీటు మన హక్కు – మిగతా సీట్ల మాటేమిటి?

(ఇంటర్ పూర్తిచేసిన పిల్లల కోసం, వాళ్ల తల్లిదండ్రుల కోసం ఒక మండల కేంద్రంలోని అంబేద్కర్ భవనంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్ ఫలితాలొచ్చాయి. ఎంసెట్ ర్యాంకులొచ్చాయి. పేరు మార్చి ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు గాని మన వాడల్లో అది ఇంకా ఎంసెట్టే. మేమూ అట్లాగే అంటాం. ర్యాంకు కార్డు చేతికి రాకముందే మీ ఇళ్లకు ఫోన్లు మొదలయ్యాయని మాకు తెలుసు. "మీ పాపకు సీటు ఖాయం, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని రండి" అని ఎవరో తెలియని మనిషి ఎంతో ప్రేమగా మాట్లాడుతున్నాడు. ఏడాది పొడుగునా మన వాడవైపు తొంగిచూడని మనిషికి జూన్ నెలలో మన పిల్లల మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ సమావేశం పెట్టాం.

మేం ఈ మండలంలో పనిచేసే కొందరు టీచర్లం. అందరం వాడల్లోంచి వచ్చినవాళ్లం. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీ మాదే. మేం చదువుకునే రోజుల్లో ఇంజనీరింగు అంటే భూములున్నవాళ్ల పిల్లల చదువు. మాలో లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా డిగ్రీ చేసి, బీఈడీ చేసి పంతుళ్లమయ్యాం. పంతులు పని తక్కువదని కాదు. మాకు రెండో దారి కనపడలేదు, అంతే. మీ పిల్లలకు కనపడాలి. కనపడితే సరిపోదు, ఆ దారి ఎవరు వేశారో, ఎక్కడ తవ్వేస్తున్నారో కూడా తెలియాలి.

ఊరికే వచ్చింది కాదు

"ఎస్సీలకు సీటు ఊరికే వస్తది" అని ఊళ్లో అంటుంటారు. మన పిల్లలు కూడా విని తల దించుకుంటారు. అందుకని ముందు చరిత్ర చెప్పుకుందాం.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదిలోనే రిజర్వేషన్ల మీద మొదటి పెద్ద కేసు నడిచింది. అప్పటికి మన తెలుగు జిల్లాలు కొన్ని మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. అక్కడ కాలేజీ సీట్లను పద్నాలుగేసి చొప్పున లెక్కగట్టి పంచేవారు. పద్నాలుగింటిలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, ఆనాటి మాటలో హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. దీన్ని కొట్టేయమని ఇద్దరు కోర్టుకెక్కారు. ఒకరు మెడికల్ సీటు గురించి, రెండోవారు ఇంజనీరింగు సీటు గురించి. మెడికల్ సీటు గురించి వెళ్లినామె అసలు కాలేజీకి దరఖాస్తే పెట్టలేదు. 1951లో సుప్రీంకోర్టు ఆ పంపకం చెల్లదంది. అదే ఏడాది రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15వ అధికరణంలో నాలుగో క్లాజు చేర్చారు. అప్పుడు న్యాయమంత్రి ఎవరు? బాబాసాహెబ్ అంబేద్కర్. ఈ రోజు కాలేజీల్లో మనకున్న రిజర్వేషన్‌కు ఆ క్లాజే పునాది. చూశారా, మన హక్కు మీద మొదటి దెబ్బ పడిందే ఇంజనీరింగు సీటు దగ్గర!

తర్వాత ప్రైవేటు కాలేజీలొచ్చాయి. 1977లో విజయవాడలో మొదలై హైదరాబాదుకూ మిగతా జిల్లాలకూ పాకాయి. వాటి వెంటే డొనేషన్లు. 1983లో ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. 1986 నుంచి ఎంసెట్ నడుస్తున్నది. 1992లో అదే చట్టానికి ఒక సెక్షన్ అతికించి, ప్రైవేటు కాలేజీలు ర్యాంకుతో నిమిత్తం లేకుండా సీట్లు ఇచ్చుకోవచ్చన్నారు. హైకోర్టు దాన్ని కొట్టేసింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా డొనేషన్లు కుదరవని, సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లుండాలని చెప్పింది. కాస్త ఊపిరి ఆడింది.

ఎంతకాలం? 2002లో పదకొండుమంది జడ్జీల బెంచి ఆ పద్ధతిని పక్కనపెట్టింది. 2005 ఆగస్టులో ఇనాందార్ కేసులో, ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు కాలేజీల మీద ప్రభుత్వం రిజర్వేషన్ రుద్దకూడదని తీర్పు వచ్చింది. రుద్దడమట! వెయ్యేళ్లు అక్షరం ముట్టనివ్వనిది రుద్దడం కాదు, వందకు పదిహేను సీట్లడిగితే రుద్దడం.

దేశమంతా గొడవైంది. పార్లమెంటు 93వ సవరణ చేసింది. 2006 జనవరి 20 నుంచి 15వ అధికరణంలో అయిదో క్లాజు అమల్లోకి వచ్చింది. ప్రైవేటు కాలేజీలతో సహా విద్యాసంస్థల్లో ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన కులాలకు ప్రవేశాల్లో ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని ఆ క్లాజు చెప్తుంది. మైనారిటీ సంస్థలకు మినహాయింపు ఉంది. 2014 మేలో సుప్రీంకోర్టు ఈ క్లాజును సమర్థించింది.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పామంటే, మీ పిల్లకు వచ్చే అలాట్‌మెంట్ ఆర్డరు ఒక్క కాగితం కాదు. దాని వెనుక రెండు రాజ్యాంగ సవరణలున్నాయి. "ఊరికే వచ్చింది" అన్నవాడికి ఈ లెక్క అప్పజెప్పండి.

ఇప్పుడు సీటు ఎట్లా వస్తుంది

ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో వంద సీట్లుంటే డెబ్బై కన్వీనరు కోటా. దీన్ని ఏ కేటగిరీ అంటారు. మిగతా ముప్పై మేనేజిమెంటు కోటా, బీ కేటగిరీ. రిజర్వేషన్ ఆ డెబ్బైలోనే. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, దీని దగ్గరికే మళ్లీ వస్తాం.

ఆ డెబ్బైలో ఎస్సీలకు 15 శాతం. తెలంగాణలో ఎస్టీలకు 2022 నుంచి 10 శాతం, ఆంధ్రలో 6. బీసీలకు 29. ప్రతి వర్గంలోనూ ఆడపిల్లలకు మూడో వంతు. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీల 15 శాతాన్ని 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులు చేశారు. దాని మీద మనలో మనకు వేరువేరు అభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఇంకో రోజు పెట్టుకుందాం. ఇవాళ మాత్రం మీ సర్టిఫికెట్‌లో కులం పేరు, గ్రూపు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి.

తమ్ముళ్లూ, చాలామంది ర్యాంకు చూసుకుని కుంగిపోతున్నారు. "సారూ, లక్ష దాటింది, నాకేం వస్తది" అంటున్నారు. ఎంసెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు ఇన్ని మార్కులు రావాలన్న అర్హత గీత లేదు. ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల్లో 40 శాతం ఉండాలి. ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి పోయిన ఏడాది ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో సాంకేతిక విద్యాశాఖ ప్రకటిస్తుంది. చివరి ర్యాంకుల పట్టిక అంటారు. అబ్బాయిలకు వేరే గడి, అమ్మాయిలకు వేరే గడి. ఏజెంటు నోటి మాట నమ్మేముందు ఆ పట్టిక చూడండి. చూడటం రాకపోతే మా దగ్గరికి రండి. సాయంత్రం ఆరు తర్వాత ఈ భవనంలోనే ఉంటాం.

ఇంకోటి. మంచి ర్యాంకు వచ్చినవాళ్లు ఓపెన్ సీటుకు కూడా హక్కుదార్లే. ఓపెన్ అంటే ఓసీల సొత్తు కాదు, అందరిదీ. మన పిల్ల ఓపెన్‌లో సీటు కొడితే వాడలో ఇంకొకరికి దారి దొరుకుతుంది.

ఆప్షన్లు పెట్టేటప్పుడు నాలుగు పెట్టి ఊరుకోకండి. కోరుకున్న వరసలో వీలైనన్ని పెట్టండి. "బస్సు దూరం" అని మంచి కాలేజీ వదిలేసే తండ్రులున్నారు. ఆడపిల్లని దూరం పంపం అనే తల్లులున్నారు. అమ్మా, మీ భయం మాకు తెలుసు. హాస్టలు గురించి కలిసి తిరుగుదాం, కలిసి అడుగుదాం. కాని భయపడి ఆప్షన్ పెట్టకపోతే ఆ సీటు మనకోసం ఎదురుచూస్తూ కూర్చోదు.

ఇక కాగితాలు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మన పిల్లల దగ్గర పూజారి కాగితమే. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్. స్థానికులా కాదా అని తేల్చేది ఈ స్టడీ సర్టిఫికెట్లే. పై కులాల ఇంట్లో ఇవన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో ఉంటాయి. మన దగ్గర? ఇటుక బట్టీలకు వలసపోయిన ఇంట్లో పిల్లవాడు ఆరు ఒక ఊళ్లో, ఏడు ఇంకో ఊళ్లో చదివి ఉంటాడు. ఆ బడికి పోతే రిజిస్టరు దొరకదంటారు, హెడ్మాస్టరు సెలవంటారు. ఇక్కడ కూర్చున్న తోటి టీచర్లకు కూడా చెప్తున్నాం. బోనఫైడ్ మీద సంతకం పెట్టే చెయ్యి మనది. ఒక్కరోజు ఆలస్యం చేస్తే ఒక పిల్ల సర్టిఫికెట్ల పరిశీలన తేదీ దాటిపోతుంది. మన సంతకం కోసం కూలి మానుకుని వచ్చిన మనిషిని రేపు రమ్మనకండి.

కులం సర్టిఫికెట్ దగ్గర ఇంకో ముల్లు ఉంది. పిల్లవాడి పేరు ఏసురత్నం అనో, పిల్ల పేరు మరియమ్మ అనో ఉంటే ఆఫీసులో ప్రశ్నలు మొదలవుతాయి. "చర్చికి పోతరా? బాప్తిస్మం తీసుకున్నరా?" 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకూ, తర్వాత చేర్చిన సిక్కులకూ బౌద్ధులకూ మాత్రమే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారినవాళ్లు మన దగ్గర బీసీ–సీ, ఒక్క శాతం. మతం మారితే చర్చిలో పాట మారుతుంది గాని ఊళ్లో వాడ మారుతుందా? ఇది న్యాయమా అని అడిగే పోరాటం వేరే ఉంది. ఈ వారం మీరు చేయాల్సింది, పేరు చూసి మాత్రమే ఆపేస్తే నోటిమాటతో తిరిగి రాకుండా, ఎందుకు ఆపారో రాసివ్వమని అడగడం. రాసివ్వమంటే చాలా కుర్చీలు మెత్తబడతాయి. అది మా అనుభవం.

స్పాట్ అనే ఉచ్చు

ఇప్పుడు ఆ ఫోన్లు చేసే మనిషి దగ్గరికి వద్దాం.

మా పక్క ఊరి చెల్లె ఒకామె. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. కౌన్సెలింగ్‌లో ఆమెకు కన్వీనరు సీటే వచ్చింది. ఇంతలో ఒకాయన వచ్చాడు. "అంత దూరం ఎందుకమ్మా, మా కాలేజీలో చేరు, బస్సు మీ ఊరి మీదుగానే వస్తది, ఎస్సీలకు ఎట్లాగూ రీయింబర్స్‌మెంటు వస్తది, రూపాయి కట్టక్కర్లేదు" అన్నాడు. ఒరిజినల్స్ అన్నీ తీసుకుపోయాడు. వచ్చిన సీటు పోయింది. ఈ కాలేజీవాళ్లు ఆమెను స్పాట్ అడ్మిషన్ కింద రాసుకున్నారు. మొదటి ఏడాది ఎవరూ ఏమీ అడగలేదు. రెండో ఏడాది పరీక్షల ముందు పిలిచి రెండేళ్ల ఫీజు కట్టమన్నారు, లేకపోతే హాల్ టికెట్ లేదన్నారు. రీయింబర్స్‌మెంటు ఏదంటే, "స్పాట్‌కు రాదు గదా, మీకు తెల్వదా" అన్నారు.

నిజమే, రాదు. స్పాట్ అడ్మిషన్లకు, మేనేజిమెంటు సీట్లకు ఫీజు రీయింబర్స్‌మెంటు లేదు. ఆ సంగతి చేర్చుకున్నవాళ్లకు తెలుసు. చేరిన హమాలీ కూతురికి తెలియదు. ఆ తెలియకపోవడం మీదనే వ్యాపారం.

మేం నలుగురం ఆ కాలేజీకి పోయాం. ప్రిన్సిపాల్ ఆఫీసరును కలవమన్నాడు, ఆఫీసరు ఛైర్మన్‌ను కలవమన్నాడు, ఛైర్మన్ ఊళ్లో లేడన్నారు. మేం చెప్పింది ఒక్కటే: ఫీజు బాకీ సంగతి తర్వాత, ఒరిజినల్ సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకునే హక్కు మీకు లేదు. ఇది మా సొంత మాట కాదు, అఖిల భారత సాంకేతిక విద్యామండలి కాలేజీలకు పదేపదే చెప్పిన మాట, 2018లో యూజీసీ ఇచ్చిన ఉత్తర్వులోనూ ఉన్న మాట. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. మూడుసార్లు తిరిగాం. నాలుగోసారి వాడ మొత్తం గేటు ముందు కూర్చుంది. ఆ సాయంత్రానికి సర్టిఫికెట్లు వచ్చాయి.

సర్టిఫికెట్లు వచ్చాయి గాని సీటు రాలేదు. ఆ చెల్లె ఇప్పుడు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ మొదటి ఏడాది. పోయిన ఆ రెండేళ్లకు ఏ ఆఫీసు రీయింబర్స్‌మెంటు ఇస్తుంది?

అందుకే అంటున్నాం. అలాట్‌మెంట్ ఆర్డరులో కన్వీనరు అని లేకుండా ఏ కాలేజీలోనూ కాలు పెట్టకండి. ఒరిజినల్స్ ఏజెంటు చేతికి ఇవ్వకండి. ఏ కాగితం ఇచ్చినా రసీదు తీసుకోండి, జిరాక్సులు రెండు సెట్లు ఇంట్లో పెట్టుకోండి. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో రిపోర్టింగు గడువులోపల చేయండి, ఒక్కరోజు దాటినా పోతుంది.

స్కాలర్‌షిప్పు ఎవడి జేబులోది?

రీయింబర్స్‌మెంటు ఫలానా నాయకుడు పెట్టిన భిక్ష అని మనవాళ్లే ఫోటోలకు దండలేస్తారు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944 నాటిది. అప్పుడు అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడు. మన పిల్లల పైచదువుకు ఖజానా డబ్బు ఇవ్వాలని కొట్లాడి తెచ్చాడు. 2008 తర్వాత రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటు పెద్దయెత్తున అమలైనప్పుడు బీసీలకు, ఇతర పేదలకు కూడా దారి తెరుచుకుంది. మంచిదే, సంతోషించాం. అదే సమయంలో కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచి ఉమ్మడి రాష్ట్రంలో దాదాపు ఏడు వందలయ్యాయి. ప్రొఫెసరు లేని కాలేజీలు, ల్యాబు లేని కాలేజీలు. మన పిల్లల పేరు మీద ఖజానా డబ్బు యజమానికి చేరింది, మన పిల్లల చేతికి ఉద్యోగం ఇవ్వని కాగితం చేరింది. కాబట్టి సీటు ఒక్కటే కాదు, ఏ సీటు అన్నది కూడా చూడాలి. ఆ కాలేజీలో చదివిన మన పిల్లలు ఎవరైనా ఉంటే వెదికి పట్టుకుని అడగండి, బోర్డు మీది ఫోటోలను కాదు.

2020 డిసెంబరులో కేంద్రం ఈ స్కాలర్‌షిప్పు పద్ధతి మార్చింది. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 భరించాలి, డబ్బు నేరుగా విద్యార్థి ఖాతాలో పడాలి. ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. ఆంధ్రలో 2021 నుంచి కొన్నేళ్లు తల్లుల ఖాతాలో వేశారు, 2024లో ప్రభుత్వం మారాక కాలేజీల ఖాతాకే అన్నారు. తెలంగాణలో బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. ఎవరు ఎవరి ఖాతాలో వేసినా, ఆలస్యమైతే దెబ్బ ఎవరికి? గేటు దగ్గర నిలబెట్టేది మన పిల్లనే. కోర్సు అయిపోయినా మెమో ఇవ్వరు, ఉద్యోగానికి రమ్మన్నవాడు మెమో అడుగుతాడు. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య బాకీకి మన పిల్ల సర్టిఫికెట్ తాకట్టు!

మీ వంతు పని కూడా ఉంది. ప్రతి ఏడాదీ ఈ–పాస్‌లో రెన్యువల్ చేయాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ జతచేయాలి, హాజరు 75 శాతం తగ్గకూడదు. ఇవి మీ చేతిలో ఉన్నవి. ఇందులో తప్పు దొరకనివ్వకండి. అప్పుడు అడగడానికి గొంతు ఉంటుంది.

సీట్లు ఎటు జరుగుతున్నాయి?

మొదట ఒక ముక్క గుర్తుంచుకోమన్నాం. రిజర్వేషన్ కన్వీనరు కోటాలోనే. ఇప్పుడు అసలు సంగతి వినండి.

వందలో ముప్పై బీ కేటగిరీ. అందులో మనకు రిజర్వేషన్ లేదు. ఎన్నారై సీటుకు ఎంసెట్ ర్యాంకు కూడా అక్కర్లేదు, ఇంటర్ మార్కులు, డాలర్లు ఉంటే చాలు. బీ కేటగిరీలో మిగతా సీట్లు మెరిట్ ప్రకారమే నింపాలని రూలుంది. కాని కంప్యూటర్ సైన్సు సీటుకు బజార్లో ఎంత పలుకుతుందో మీరే విన్నారు. క్యాపిటేషన్ ఫీజు నిషేధించి నలభై ఏళ్లు దాటింది, చట్టం ఇంకా బతికే ఉంది. మన ర్యాంకు లక్ష దాటితే "మెరిట్ చచ్చిపోయింది" అని ఏడ్చేవాళ్లు, ఏ ర్యాంకూ లేకుండా డబ్బుతో కొన్న సీటు చూసి ఎందుకు ఏడవరు? తండ్రి డబ్బు మెరిట్ అవుతుంది, తాతల కష్టానికి ఇచ్చే వాటా మాత్రం కాకుండా పోతుంది. ఇదెక్కడి లెక్క? మేం లెక్కల పంతుళ్లమే, మాకూ అర్థం కాలేదు.

ఇక రెండోది. తెలంగాణలో 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం చేశారు. 2020లో అయిదింటికి అనుమతి వచ్చింది, తర్వాత ఇంకా వస్తున్నాయి. నిన్నటిదాకా కన్వీనరు కోటా కింద మన పిల్లలను చేర్చుకున్న కాలేజీయే బోర్డు మార్చి యూనివర్సిటీ అవుతుంది. ఆ చట్టంలో రాష్ట్ర విద్యార్థులకు 25 శాతం సీట్లన్నారు గాని ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ మాట లేదు. అంటే ఏమైంది? బిల్డింగు అదే, ల్యాబు అదే, బస్సు అదే. బోర్డు మారింది, మన పదిహేను శాతం మాయమైంది. ఎవరూ మన రిజర్వేషన్ రద్దు చేయలేదు. రిజర్వేషన్ ఉన్నచోటి నుంచి సీట్లనే లేనిచోటికి జరిపేశారు. ఆంధ్రలో ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనరు కోటాకు ఇవ్వాలని చట్టం సవరించి 2021 నుంచి అమలు చేశారు. కొండ దిగువన చేయగలిగింది కొండ ఎగువన ఎందుకు చేయలేరు? అడగనిదే అమ్మైనా పెట్టదు. ఇక్కడ మనం గట్టిగా అడగలేదు.

మూడోది. 2024 నుంచి ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పైపరిమితిని సాంకేతిక విద్యామండలి ఎత్తేసింది. నగరంలో పెద్ద కాలేజీలు కంప్యూటర్ సైన్సు సెక్షన్లు పెంచాలని పరిగెత్తాయి. సివిల్, మెకానికల్ తగ్గాయి. కన్వీనరు వాటా అందులోనూ ఉంటుంది, కాదనం. కాని ఫీజు పెరుగుతుంది, హాస్టలు బయట, గది అద్దె బయట. తెలంగాణలో 2022లో ఖరారు చేసిన ఫీజే కనీసం ఏడాదికి 45 వేలు, పెద్ద కాలేజీల్లో లక్షన్నర దాటింది. రీయింబర్స్‌మెంటు ఒక్క ఏడాది ఆగితే ఆ భారం మోసే ఇల్లు ఈ హాల్లో ఒక్కటైనా ఉందా?

15వ అధికరణం అయిదో క్లాజు వచ్చి ఇరవై ఏళ్లు. ఆ క్లాజు "చేయవచ్చు" అంటుంది, "చేసి తీరాలి" అనదు. ప్రైవేటు సంస్థలన్నిటికీ వర్తించే చట్టం పార్లమెంటు ఇప్పటిదాకా చేయలేదు. 2025 ఆగస్టులో విద్య మీద పార్లమెంటు స్థాయీ సంఘం, ప్రైవేటు ఉన్నత విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేయాలని సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీద ఉంది. కాగితాన్ని చట్టం చేయించే బలం ఎక్కడుంది? వాడల్లో ఉంది. కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత మన పెద్దలు ప్రాణం కోసం, మానం కోసం లేచారు. ఆ పోరాటం నిలబెట్టిన నేల మీదనే ఇవాళ మన పిల్లలు ర్యాంకు కార్డు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చునే కుర్చీ కోసం లేవడం మన తరం పని.

మేం కోరేవి ఇవి, మీ ఊళ్లల్లో చర్చించండి:

ఒకటి, ప్రైవేటు యూనివర్సిటీల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు, ఫీజు రీయింబర్స్‌మెంటు అమలు చేయాలి.

రెండు, బీ కేటగిరీ సీట్ల భర్తీ కన్వీనరు పర్యవేక్షణలో, అందరి కళ్ల ముందు జరగాలి. అక్కడా మన వాటా ఉండాలి.

మూడు, ఏ విద్యా సంవత్సరం రీయింబర్స్‌మెంటు ఆ సంవత్సరంలోనే ఇవ్వాలి. ప్రభుత్వ బాకీకి విద్యార్థి సర్టిఫికెట్ ఆపిన కాలేజీ మీద చర్య తీసుకోవాలి.

నాలుగు, స్పాట్, మేనేజిమెంటు సీట్లకు రీయింబర్స్‌మెంటు రాదని కాలేజీ గేటు మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించాలి.

అయిదు, ప్రతి మండలంలో కౌన్సెలింగ్ రోజుల్లో ప్రభుత్వమే సహాయ కేంద్రం నడపాలి. మేం నడుపుతాం, కాని అది మా పని మాత్రమే కాదు.

చివరగా పిల్లలతో ఒక మాట. కాలేజీలో చేరాక మొదటివారం ఎవడో ఒకడు "నీ ర్యాంకెంత?" అని అడుగుతాడు. అడిగేది ర్యాంకు కాదు, కులం. సిగ్గుపడి అబద్ధం చెప్పకండి. ఉన్న ర్యాంకు చెప్పండి. మీరు ఎంసెట్ రాసి, కన్వీనరు ఇచ్చిన సీటులో కూర్చున్నారు. ఇంగ్లీషు రాదని వెనక బెంచీకి పోకండి, మొదటి ఏడాది గణితం, ప్రోగ్రామింగు వదిలిపెట్టకండి, ఫెయిలైతే ఇంటికి పారిపోయి రాకండి. మాకు ఫోన్ చేయండి. మీ కంటే ముందు చేరిన మన పిల్లల నంబర్లు మా దగ్గరున్నాయి. వచ్చే ఏడాది ఇదే భవనంలో మీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆప్షన్లు పెట్టించాల్సింది మీరే.

ఇప్పుడు ర్యాంకు కార్డులు తెచ్చినవాళ్లు ఇటు రండి. కులం సర్టిఫికెట్ రానివాళ్లు అటు బల్ల దగ్గరికి పోండి. రేపు పొద్దున అందరం కలిసి తహసీల్దారు ఆఫీసుకు పోదాం.

జై భీమ్.